నలభైకి ఒక్కటి తక్కువ

మన దిక్కు మోకాళ్లకు లెక్కలు రావు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ఊళ్లల్లో ఏళ్లతరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి బిగుసుకుపోవడం నేర్చుకున్నాయి గానీ, ఎంతకు ఆగాలో నేర్చుకోలేదు. తెలంగాణ సర్కారు ఎన్నడో తేల్చి చెప్పింది: వికలాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి, చెవులకైతే 51. ఒక్క పాయింటు తగ్గినా మనిషి దిట్టంగా ఉన్నట్టే.

ఫలం చిన్నదేం కాదు. నెలకు 2014లో 1500 రూపాయలు, 2019లో 3016, 2023 జులై నుంచి 4016. చివర ఆ పదహారు దేనికంటే, పెళ్లిలో కట్నం చదివించినట్టు, శుభానికి. ఢిల్లీ వాళ్లు ఇంకా పద్ధతైన మనుషులు. 80 శాతం దాటితేనే కన్నెత్తి చూస్తారు, చూసి 300 ఇస్తారు.

ముందు వైకల్యం సర్టిఫికెట్టు ఇచ్చే క్యాంపుకు స్లాటు దొరకాలి. దొరికాక ఆధార్, పాత ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకుని జిల్లా ఆస్పత్రి క్యాంపుకు పోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బస్సు కుదుపులు ఓర్చుకోలేక పొద్దున్నే నొప్పి మాత్ర వేసుకుంటారు. క్యాంపుకొచ్చేసరికి కీలు కాస్త వదులవుతుంది, డాక్టరు కొలిచే కోణం పెరుగుతుంది, శాతం పడిపోతుంది. కాళ్ల నిలకడకు తొమ్మిది పరీక్షలు, చేయలేకపోతే ఒక్కోదానికి పది: చదును నేల మీద నడక, ఎత్తుపల్లాల్లో నడక, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలు మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, మోకాళ్ల మీద కూర్చోవడం, మలుపు తిరగడం. సారు ముందు మర్యాదగా ఉండాలని పళ్లు బిగబట్టి బాసింపట్టు వేసిన పెద్దమనిషి పది పాయింట్లు అక్కడే పారేసుకున్నట్టు.

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఫ్లోరోసిస్ పేరు లేదు. వంకరపోయినంత మేరకు కాళ్లూచేతుల ఖాతాలో రాసుకుంటారు. కొందరికి సర్టిఫికెట్టు గడువు వేసి ఇస్తారు. ఫ్లోరైడు బొక్క ఈలోపు మనసు మార్చుకోవచ్చు కదా!

ఇంకా అందమైన లెక్క ఒకటుంది. ఒకాయనకు కాలుకు 24, కంటికి 20 వస్తే 44 అని సంబరపడేరు. మెడికల్ బోర్డు అట్లా కలపదు. 90లోంచి 24 తీసేసి, మిగిలిన 66ను 20తో గుణించి, 90తో భాగిస్తే 14.67. దాన్ని 24కు కలిపితే 38.67. కాలూ కన్నూ ఒకే ఒంటికి ఉండటమే ఆయన చేసిన పొరపాటు.

శాతం దాటినవాళ్ల భూమి చూస్తారు. 2014 ఆసరా పింఛను నిబంధనల ప్రకారం మూడెకరాల తరి గానీ, ఏడున్నర ఎకరాల మెట్ట గానీ మించొద్దు. పాలమూరులో ఎనిమిదెకరాల రాళ్ల చెలక ఉన్నాయన భూస్వామి కిందే లెక్క. బొంబాయికి పోయి మట్టి మోస్తున్నాడంటే అది ఆయన సరదా. ఇవన్నీ దాటినా, బతుకుతీరు చూసి కాదనే అధికారం ఆఫీసరుకుంది. గోడకు కొత్త సున్నం, దండెం మీద ఉతికిన చీర కనబడకుండా చూసుకోవడం మంచిది.

మంజూరయ్యాక మొన్నటిదాకా పోస్టాఫీసులో ఏలిముద్ర పడాల్సి వచ్చేది. పత్తి ఏరి ఏరి గీతలరిగిన వేలిని మెషిను ఒప్పుకునేది కాదు. తుడిచి పెట్టినా, కొంగుకు రుద్ది పెట్టినా అంతే. అప్పుడు పంచాయతీ కార్యదర్శి వచ్చి తన వేలు పెట్టేవాడు. ఆయనది ఒక్కసారికే పడేది, పత్తి ఏరని వేలు కదా.