మంచు పడని ఊళ్లో మంచు మందు

కొడుకు ఏది కొంటే అది కొనాలనిపిస్తుంది మా మావయ్యకి. కొడుకు ఉండేది అమెరికాలో మంచు కురిసే మిన్నెసోటా, తనుండేది శ్రీకాకుళం అన్న తేడా ఆ క్షణంలో గుర్తుకు రాదు. కార్తీక మాసంలో గేటు ముందు కొత్తగా కాంక్రీటు ర్యాంపు పోయించి వీడియో కాల్‌లో చూపిస్తుంటే, అటు మా బావ తన ఇంటిముందు కాంక్రీటుకి ఏ సీలరు (నీళ్లు ఇంకకుండా పూసే మందు) వెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు.

అతని బాధలో అర్థముంది. అక్కడ కాంక్రీటు సన్నటి రంధ్రాల్లోకి దిగిన నీళ్లు గడ్డకట్టి 9 శాతం దాకా ఉబ్బుతాయి. కరగడం, మళ్లీ గడ్డకట్టడం... చలికాలమంతా ఇదే వరస. దాంతో పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఇంకో పీడ. అందుకే లోపలికి ఇంకిపోయి, నీళ్లని రానివ్వకుండా, లోపలి తేమని మాత్రం ఆవిరిగా బయటికి పోనిచ్చే సైలేన్, సైలాక్సేన్ రకం తీసుకుంటున్నానన్నాడు. పైన పొరలా నిలిచే యాక్రిలిక్ మెరుస్తుంది గానీ తడిస్తే జారుతుందనీ చెప్పాడు. మావయ్య చెవిలో "మెరుస్తుంది" దాకానే పడింది.

"నాగావళి ఎప్పుడైనా గడ్డకట్టిందేటండీ?" అంది అత్తయ్య.

"జాగ్రత్తపడితే తప్పేటి?" అన్నాడాయన. 2018లో తిత్లీ తుపానుని చూసిన జిల్లా కాబట్టి గాలికీ వానకీ భయపడ్డామంటే న్యాయమే. మంచుకి భయపడిన మొదటివాడు మాత్రం మా మావయ్యే.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఓ పెయింట్ల షాపులో సైలేన్ అడిగితే, కుర్రాడు లోపలికెళ్లి యాక్రిలిక్ క్లియర్ కోట్ డబ్బా తెచ్చి పెట్టాడు. "ఇదీ అదే బాబూ. పైగా అద్దంలాగుంటాది." కొత్త కాంక్రీటుని 28 రోజులు వదిలేయమని బావా చెప్పాడు, మేస్త్రీ కూడా చెప్పాడు. మావయ్య మాత్రం నెలగంట పెట్టేలోపు పనైపోవాలని పట్టుబట్టాడు.

వేశారు. ఆరాక చెంబుడు నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోయాయి. ఆ వీడియో చుట్టాలందరికీ వెళ్లింది. అడుగున తేమ చిక్కుకుని అక్కడక్కడా తెల్లటి మచ్చలు లేస్తే, "డిజైన్" అన్నాడు.

నెలగంట నాడు తెల్లారకుండానే అత్తయ్య కళ్లాపి చల్లింది. పేడనీళ్లు కూడా ముత్యాలే అయ్యాయి, పచ్చ ముత్యాలు. దొర్లుకుంటూ కాలవలో పడ్డాయి. ఆ తడి మీదే ముగ్గు పెట్టింది. చుక్కలు పెట్టి గీత కలిపేలోపే పై వరస చుక్కలు కింది వరసలోకి దిగిపోయాయి. మెలికల ముగ్గు వేద్దామనుకుంటే ముగ్గే మెలికలు తిరిగింది. మర్నాడు పొడిగుడ్డతో తుడిచి పెడితే, గాలికి ముగ్గంతా ఎదురింటికి పోయింది. వాళ్ల వాకిలి పండగలా ఉంది.

అసలు ఘట్టం గంగిరెద్దుది. రాత్రంతా పట్టిన పొగమంచు తడికి ర్యాంపు తళతళలాడుతోంది. ఎద్దు ముందుకాళ్లు రెండూ పెట్టింది. "అయ్యగారికి దండం పెట్టు" అని ఇంకా అననేలేదు, మోకాళ్ల మీద కూర్చుంది. సన్నాయి ఆగిపోయింది.

"ఏటి బాబూ ఇది! నా ఎద్దు కాలిరిగితే నా గతేటి?" అన్నాడు గంగిరెద్దులాయన. ఎద్దుకి దెబ్బ తగల్లేదు. మావయ్య కొత్త పంచె మాత్రం దాని వీపు మీదకి ఎక్కింది.

ఆ రాత్రి బావ ఫోన్లో, "సీలరు పనిచేస్తోందా, పరీక్ష చేశారా?" అని అడిగాడు.

"ఎద్దు చేసిందిరా," అంది అత్తయ్య.

థిన్నరు పోసి గీకించడమే దారి, లేదా గరుకు పొడి కలిపి ఇంకో కోటు వెయ్యాలన్నాడతను. ఇంకో కోటు మాటెత్తితే పుట్టింటికి పోతానంది అత్తయ్య. సంక్రాంతి తరుముకొస్తోంది కాబట్టి, ముగ్గుని తెల్ల ఎనామెల్ పెయింటుతో ఒక్కసారే వేయించేద్దామని మావయ్య నన్ను వెంటబెట్టుకుని మళ్లీ అదే షాపుకెళ్లాడు.

"ఎనామెల్ ఒక్కటే నిలవదు బాబూ," అన్నాడు కుర్రాడు. "పైన క్లియర్ కోట్ ఒకటి కొట్టించండి."

మావయ్య "డబ్బా ఎంత?" అంటుండగానే నేను బయటికొచ్చి అత్తయ్యకి ఫోన్ కలిపాను.