పేదవాడు అర్హుడే, పన్ను మాత్రం కాదు

పేదవాడి పంటినొప్పికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టవచ్చునా అన్న సున్నితమైన ప్రశ్నపై మన పాలనా యంత్రాంగం ఎంతో సంయమనంతో వ్యవహరిస్తున్నదని, ఆ సంయమనాన్ని గుర్తించలేక దవడ పట్టుకుని మూలిగేవారంతా తొందరపాటు మనుషులేనని ముందుగా మనవి చేస్తున్నాను.

మనిషి పేదవాడా కాదా అని తేల్చడంలో మనం సాధించిన ప్రగతి సామాన్యమైనది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు కావాలంటే కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలకు, మెట్ట 10 ఎకరాలకు మించకూడదు. నెలకు కరెంటు 300 యూనిట్లు దాటి కాలకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, అయితే ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. (ఆటోకు ఉన్నవి మూడే చక్రాలు కదా అని సందేహించేవారికి జీవోలు చదివే అలవాటు లేదని అర్థం.) ఇన్ని గడపలు దాటి వచ్చిన మనిషి నిఖార్సైన పేదవాడని ప్రభుత్వమే ధ్రువీకరిస్తుంది. ఆ మనిషి నోట్లోని పన్నుకు మాత్రం ఆ ధ్రువీకరణ వర్తించదు.

2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. దాని మినహాయింపుల జాబితాలో పుచ్చు పూడ్చడం, రూట్ కెనాల్, పళ్ల అరుగుదల వరుసగా కొలువుదీరి ఉన్నాయి. జబ్బు వల్లనో గాయం వల్లనో ఆసుపత్రిలో చేరక తప్పని పరిస్థితి వస్తే తప్ప పంటి వైద్యానికి పైసా రాదు. కనుక పుచ్చిపన్నుతో, వాచిన బుగ్గకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన రైతుకూలీని కౌంటరులోని ఉద్యోగి “దవడ ఏమైనా విరిగిందా?” అని ఆశగా అడిగితే, అందులో వెటకారమేమీ లేదు. విరిగి ఉంటే ప్లేట్లు వేసి స్క్రూలు బిగించడానికి ప్యాకేజీ ఉంది. అదే దవడలో, ఆ స్క్రూకు అంగుళం దూరంలో ఉన్న పుచ్చు మాత్రం పథకం వెలుపలే నిలబడి ఈ వైభవమంతా చూస్తూ ఉండాలి.

2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకాన్ని విస్తరించారు. అప్పటికి పళ్లు చాలావరకు స్వచ్ఛంద పదవీ విరమణ చేసి ఉంటాయి. పళ్లసెట్టు ఆసుపత్రిలో చేరి కట్టించుకునే వస్తువు కాదు కాబట్టి ఖజానాకు ఆ బెంగ కూడా లేదు.

ఉచిత వైద్యం బొత్తిగా లేదనడం అన్యాయమే అవుతుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ఓపీ చీటీ రాయించుకుంటే చాలు, ఎన్ని ఎకరాలున్నాయని అక్కడ ఎవరూ నిలదీయరు. అయితే రూట్ కెనాల్ తరచు రెండు మూడు దఫాలుగా జరిగే పని. దఫాకో బస్సు ఛార్జీ, దఫాకో రోజు కూలి పోతాయి. పీకడం ఒక్క పూటలో తేలిపోతుంది. అందువల్ల నిలబెట్టుకోదగిన పన్నును కూడా కూలివాడు తానే “పీకెయ్యండి సారూ” అని అడుగుతాడు, అది రికార్డులో రోగి ఇష్టప్రకారం జరిగిన చికిత్సగా నమోదవుతుంది.

ఇక ప్రైవేటు దంత కళాశాలల్లో మరో ఉదాత్తమైన అర్హత అమలులో ఉంది. బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) విద్యార్థి తన వంతు ప్రాక్టికల్ పని పూర్తి చేయాలంటే ఇన్ని పుచ్చులు పూడ్చాలి, ఇన్ని పళ్లు పీకాలి, ఇన్ని సెట్లు కట్టాలి. అందుకోసం కొన్ని కళాశాలలు పల్లెలకు బస్సులు కూడా పంపుతాయి. పరీక్షలు దగ్గరపడినప్పుడు సరైన పన్నులో సరైన లోతున పుచ్చు ఉన్నవాడికి దక్కే మర్యాద పెళ్లిలో వియ్యంకుడికి కూడా దక్కదు. పరీక్ష అయిపోయిన మర్నాడు అదే పుచ్చుతో వెళ్లినవాడు మళ్లీ సామాన్య పౌరుడే.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి, ఇకపై కుటుంబాన్ని కాక పన్నును యూనిట్‌గా తీసుకుని ఇంటింటి సర్వే జరపాలని ప్రతిపాదిస్తున్నాను. నోట్లో ఒక్క బంగారు తొడుగు కనిపించినా ఆ దవడ మొత్తాన్ని సంపన్న వర్గంలో చేర్చాలి. ఆలస్యంగా మొలిచే జ్ఞానదంతాలను వేరు కాపురంగా గుర్తించి విడి కార్డు ఇవ్వాలి. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కనుక వాటికి తాత్కాలిక ధ్రువపత్రం చాలు. ప్రతి పన్నూ నొప్పి పుట్టడానికి ముందే గ్రామ సచివాలయానికి స్వయంగా వచ్చి ఈకేవైసీ చేయించుకోవాలి. మంజూరు వచ్చేలోగా పీకేసిన పన్ను కార్డును పక్క పన్నుకు బదిలీ చేయవచ్చునా అన్న అంశంపై జీవో వెలువడవలసి ఉంది. అంతవరకు లబ్ధిదారులు రెండో వైపున నమలగలరు.