స్టేజ్ ఆ చివర, ఫుడ్ స్టాల్ ఈ చివర... కథకి ఊ కొట్టేదెవరు?

బొబ్బర్లంటే మనకి గారెలు, గుగ్గిళ్లు. అదే అమెరికాలో జార్జియా, సౌత్ కరోలినా తీరంలో ఉండే గల్లా గీచీ అనే నల్లజాతి వాళ్లకైతే అవి అన్నంతో కలిసి హాపిన్ జాన్ అవుతాయి, జనవరి 1న తినాల్సిందే, తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. వీళ్ల పూర్వీకుల్లో చాలామందిని సియెరా లియోన్ వైపు నుంచి, వరి పండించడం తెలిసినవాళ్లని ఏరికోరి మరీ బానిసలుగా తెచ్చుకున్నారు, బొబ్బర్లదీ పశ్చిమ ఆఫ్రికానే. అంటే ఆ ప్లేట్‌లో ఉన్నది వాళ్ల ఊరి అడ్రస్.

ముందు రోజు రాత్రి ఇంకో కథ. జార్జియాలో బోల్డెన్ అనే చిన్న గల్లా గీచీ ఊళ్లో డిసెంబర్ 31న రింగ్ షౌట్ అని భజన లాంటిది ఉంటుంది, ఒకరు పాట ఎత్తుకుంటారు, వెనకున్నవాళ్లు చప్పట్లు కొడుతూ వంత పాడతారు, ఒకాయన కుర్చీలో కూర్చుని చీపురు కర్రతో చెక్క నేల మీద దబదబా బాదుతుంటాడు, మిగతావాళ్లు కాళ్లు ఈడుస్తూ గుండ్రంగా తిరుగుతారు. ఒక కాలు ఇంకో కాలిని దాటకూడదు, దాటితే అది డాన్స్ అయిపోయిందంటారు, దేవుడి దగ్గర డాన్సేంటని! డప్పు కాకుండా కర్రే ఎందుకంటే, పక్కనే ఉన్న సౌత్ కరోలినాలో 1739లో బానిసలు చేసిన స్టోనో తిరుగుబాటు తర్వాత, డప్పులతో సైగలు చేసుకుంటారని భయపడి 1740 చట్టంలో డప్పుల్నే బ్యాన్ చేశారు. 1862లో ఇదే రాత్రి, తెల్లారితే లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని నల్లజాతి జనం మేలుకుని కూర్చున్నారు.

ఇప్పుడు కల్చరల్ ఫెస్టివల్స్‌లో ఏం చేస్తున్నారంటే పాటని స్టేజ్ ఎక్కించి కూడుని స్టాల్‌లో పెడుతున్నారు, జనం కుర్చీల్లో కూర్చుని ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లిపోతారు. నాకిది నచ్చదు. బుర్రకథలో వంతలు లేకపోతే ఏం మిగుల్తుంది చెప్పండి, పక్కన ఊ కొట్టేవాళ్లుంటేనే కదా కథ నడిచేది. అలాగని ఫెస్టివల్సే వద్దనట్లేదు, రింగ్ షౌట్ ఎప్పుడో పోయిందనుకున్న బయటి జనానికి 1980లో బోల్డెన్ వాళ్లు కనపడింది కూడా అలాంటి చోటే. నేననేది ఒకటే, ఆ కర్ర చప్పుడు వినేవాళ్ల చేతిలో ఆ అన్నం కూడా పెట్టండి, చప్పట్లు కొట్టనివ్వండి.

మన హైదరాబాద్‌లో మర్ఫా చూడండి. అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు తెచ్చిన వాయిద్యం అది, ఏసీ గార్డ్స్ అనే ఏరియా పేరే నిజాం కాలం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. బరాత్‌లో మర్ఫా మోగుతుంటే టికెట్టూ లేదు స్టేజీ లేదు, లోపల బిర్యానీ దమ్ మీద ఉంటుంది, బయట పెళ్లికొడుకు మామయ్య కూడా చెప్పులు వదిలేసి ఎగురుతుంటాడు.