మంచుముద్ద ఎందుకు విసరాలో ఆ జాబితా చెప్పదు

ఈ నెలలో ఒకే సందేశం నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. కథే ప్రధానంగా సాగే వీడియో గేముల్లో మన నిర్ణయాలను బట్టి ముగింపు మారుతుందనడం వట్టి మోసమని దాని సారాంశం. అందులో అయిదు అంశాలున్నాయి: ముగింపుల సంఖ్య అబద్ధం; ఏది ఎంచుకున్నా కథ ఒక్కటే; ఆటను పాత స్థితికి తిప్పుకునే సేవ్ ఫైలు ఉన్నంతకాలం ఏ నిర్ణయానికీ విలువ లేదు; మంచి పనులకు మంచి ముగింపు, చెడ్డ పనులకు చెడ్డ ముగింపు వస్తాయి గనుక జాబితా చూసి ఆడితే చాలు; అసలు ఆడనే అక్కర్లేదు, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. చివర ‘ది విచర్ 3’ అనే గేముకి సరైన జవాబుల జాబితా కూడా జోడించారు. రెండో అంశం నిజమైతే నాలుగో అంశానికి చోటే లేదన్న సంగతి పంపినవారిలో ఒక్కరికీ తట్టలేదు. జవాబు చెప్పాలంటే కథలు బయటపెట్టక తప్పదు కాబట్టి, ఆ ఆటలు ఆడబోయేవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

మొదటి అంశాన్ని ఒప్పుకుంటాను. 2015లో వచ్చిన ‘ది విచర్ 3’కి 36 ముగింపులున్నాయని ప్రచారం జరిగింది. కథానాయకుడు గెరాల్ట్ పెంచిన అమ్మాయి సిరి గతి మూడు విధాలుగా ఉంటుంది. యుద్ధంలో ఎవరు గెలిచారు, స్కెలిగే దీవుల గద్దె ఎవరికి దక్కింది, గెరాల్ట్ ఎవరితో మిగిలాడు వంటి తేడాలన్నీ కలిపితేనే అంత పెద్ద సంఖ్య వస్తుంది. అది ప్రకటనల లెక్క.

రెండో అంశంలో సగం నిజముంది. ఇరవై చోట్ల రెండేసి దారులిచ్చి ఏ దారినీ మళ్లీ కలపకపోతే 10,48,576 కథలు రాయాలి. అది ఎవరి తరమూ కాదు గనుక విడిపోయిన దారులను రచయితలు మళ్లీ ఒకచోటికి తెస్తారు. 2012 నాటి ‘ది వాకింగ్ డెడ్’ ఆట మొదటి భాగంలో డగ్, కార్లీ అనే ఇద్దరిలో ఒక్కరినే కాపాడగలం. కాపాడినవారు కూడా మూడో భాగంలో మన గుంపులోని లిల్లీ తుపాకీకి బలవుతారు. మనం నడిపే పాత్ర లీ. అతన్ని మృత్యువు నుంచి మనం తప్పించలేం. అయితే చివర ఒక అపరిచితుడు లీని కూర్చోబెట్టి, దారి పొడవునా మనం చేసిన పనులను ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతాడు. దారిలో కనబడితే మనవాళ్లు ఆహారం తీసుకున్న ఒక కారు అతని కుటుంబానిది. సంఘటన ఒక్కటే అయినా, ఆ ఆహారంలో చెయ్యి పెట్టినవాడు వినే మాట వేరు, వద్దన్నవాడు వినే మాట వేరు. ముగింపు అంటే చివరి దృశ్యం ఒక్కటే అనుకునేవారికి ఈ తేడా కనబడదు.

సేవ్ ఫైలు గురించి వాదించేవారు టోబీ ఫాక్స్ ‘అండర్‌టేల్’ను ఒక్క గంట ఆడినా చాలు. మొదట్లో మనల్ని ఆదరించే టోరియెల్‌ను చంపి, పశ్చాత్తాపపడి, పాత సేవ్‌కు వెళ్లి ఆమెను బతకనిస్తే, మీరేం చేశారో తనకు తెలుసునని ఫ్లవీ అనే మాట్లాడే పువ్వు మొహం మీదే అంటాడు. అందరినీ చంపే దారిలో చివరిదాకా వెళ్తే లోకమే చెరిగిపోతుంది. అది తిరిగి కావాలంటే మన ఆత్మను ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఎవరినీ చంపకుండా ఆడినా ఆ శాంతి ముగింపు మీద మచ్చ మిగులుతుంది, ఆటలోని రీసెట్ దాన్ని తుడవలేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది నాలుగో అంశం, దానికి జోడించిన ఆ జాబితా. గెరాల్ట్ సిరిని కన్నవాడు కాడు, పెంచినవాడు. ఆమె బతకడం అయిదు చిన్న సందర్భాల్లో మనం ఎలా నడుచుకున్నామన్న దానిపై ఆధారపడుతుంది. గెరాల్ట్ గురువు వెసెమిర్ మరణంతో కుంగిపోయిన పిల్లతో మంచుముద్దలు విసురుకుంటూ ఆడతామా, అన్నిట్లోనూ గొప్పగా ఉండనక్కర్లేదని ఓదార్చి మందు పోస్తామా; కన్నతండ్రి అయిన చక్రవర్తి దగ్గరకు ఆమెను తీసుకెళ్తే ఆయన ఇవ్వజూపే డబ్బు పుచ్చుకుంటామా; మంత్రగత్తెల సమావేశానికి ఆమెను ఒంటరిగా పంపుతామా, వెంట వెళ్తామా; కోపంతో తన గురువు ప్రయోగశాలను పగలగొట్టబోతే కానిస్తామా, ఆపుతామా; తనకు సాయపడి ప్రాణం పోగొట్టుకున్న స్క్యాల్ సమాధి చూద్దామంటే వెళ్తామా, సమయం లేదంటామా. వీటిలో మంచి పని ఏది, చెడ్డ పని ఏది? ఒకరి ప్రయోగశాలను ధ్వంసం చెయ్యడం పుణ్యకార్యమా? కష్టమైన సమావేశానికి బిడ్డకు తోడు వెళ్లడం పాపమా? ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కూతురిని అడిగిన ప్రతి ప్రశ్నకూ తానే జవాబిచ్చే తండ్రిని మనమందరం చూశాం. ఆయనది దుర్మార్గం కాదు, ప్రేమే. ఆ ప్రేమ వల్లనే ఆ పిల్లకు తన మీద తనకు నమ్మకం కుదరదు. చివర సిరి లోకాలను గడ్డకట్టించే శ్వేతహిమానికి ఎదురుగా ఒంటరిగా నడిచేటప్పుడు కళ్ల ముందు మెదిలేవి ఈ సందర్భాలే. జాబితా చూసి ఆడినవాడు మంచుముద్ద విసురుతాడు గాని, ఎందుకు విసరాలో ఒక్క క్షణమైనా ఆలోచించడు.

అదే ఆటలో వెలెన్ ప్రాంతంలో చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మను విడిపిస్తే అనాథ పిల్లలు బతుకుతారు, కాని అక్కడి దొర బ్యారన్ భార్య ఆనా చనిపోతుంది, బ్యారన్ ఉరి వేసుకుంటాడు. ఆత్మను చంపితే ఆ పిల్లలు దక్కరు. ఆనా మతి చలించినా ప్రాణాలతో మిగులుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మంచి పనికి మంచి ఫలమని రాసిన ఆ పెద్దమనిషి ఇందులో ఏ దారికి టిక్కు పెడతారో నాకు చెప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం గైడు చూసినవారిని నేను తప్పుపట్టను. సిరి సామ్రాజ్ఞి కావాలంటే యుద్ధంలో ఆమె తండ్రి సామ్రాజ్యం నిల్ఫ్‌గార్డ్ గెలవాలి, అందుకు శత్రురాజు రాదొవిద్ హత్యకు సంబంధించిన ఉపకథ పూర్తికావాలి. ఆ ఉపకథ ఒక దశ దాటాక మూసుకుపోతుంది, రెండింటికీ ముడి ఉందని ఆట ముందుగా చెప్పదు. తండ్రీకూతుళ్ల బంధంతో ప్రమేయం లేని ఇలాంటి షరతు అన్యాయమే.

ఇక యూట్యూబ్. మొదటిసారి ఆడినప్పుడు నేను సిరికి మందు పోసి ఓదార్చాను, సమావేశానికి వెంట వెళ్లాను, ప్రయోగశాల దగ్గర ఆమెను ఆపాను. సిరి తిరిగి రాలేదు. వెసెమిర్ పతకాన్ని చేతపట్టుకుని గెరాల్ట్ ఒక గుడిసెలో కూలబడే దృశ్యం వీడియోలో ఎవరైనా చూడవచ్చు. ప్రయోగశాల గుమ్మంలో శాంతించమని చెప్పింది నేనేనన్నది మాత్రం ఏ వీడియోలోనూ ఉండదు.