రెండు తగిలిస్తే కుదురొస్తుందా?

అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఎక్కడ చూసినా ఏడీహెచ్‌డీ మీద, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని పిల్లల సమస్య మీద, అదే మెసేజ్. "ఏడీహెచ్‌డీ ఈమధ్య మందుల కంపెనీలు పుట్టించిన జబ్బు. మన రోజుల్లో ఉందా? థెరపీ సెంటర్లు దోచుకుంటున్నాయి. ఫోన్ లాక్కోండి, రెండు తగిలించండి, హాస్టల్లో పడేయండి. తప్పంతా తల్లి గారాబానిదే." కింద వరసగా దండాలు, చప్పట్లు.

ఈమధ్య పుట్టిందా? జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి లండన్‌లో ఉపన్యాసాలిచ్చింది 1902లో. మన రోజుల్లోనూ ఉన్నారు, మొద్దు, కోతి అని పిలిచేవాళ్లం. టెన్త్ గ్రూపులో వాళ్లు కనిపించరంటే, చాలామంది టెన్త్ దాకా రానేలేదు.

ఫోనా? రాత్రిపూట తీసేస్తే నిద్రకి మంచిదే. అంతవరకే.

హాస్టలా? ఇంట్లోనే నెగ్గుకురాలేని పిల్లాడు కొత్తవాళ్ల మధ్య నెగ్గుకొస్తాడా?

ఇక తల్లి సంగతి. డైరీలో ఎర్ర ఇంకుతో "కుదురుగా కూర్చోడు, పేరెంట్ వచ్చి కలవాలి" అని రాస్తే, ఆఫీసులో పర్మిషన్ అడుక్కుని వచ్చి ప్రిన్సిపాల్ గది బయట కూర్చునేది ఆవిడే. లోపలికి వెళ్తే "టీసీ తీసుకెళ్లండి" అంటారు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. కొట్టడం, మానసికంగా వేధించడం కుదరదని 17లో ఉంది. ఆ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పరు. గారాబం గురించి మాత్రం అందరూ చెబుతారు, ఆవిడ కూడా ఉన్న గ్రూపులోనే! దెబ్బలతో కుదురొచ్చేదైతే మా లెక్కల మాస్టారి క్లాసులో అందరం కలెక్టర్లమయ్యేవాళ్లం.

అయితే థెరపీ సెంటర్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. పావుగంట చూసి ముద్ర వేసి, నెల ప్యాకేజీ అంటగట్టే చోట్లున్నాయి. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనబడితేనే ఆ పేరు పెట్టాలి. బడిలో ఎలా ఉంటున్నాడని అడగకుండానే తేల్చేస్తే ఇంకో డాక్టరుకి చూపించండి. డబ్బుకి ఇబ్బందైతే, డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని చూసే ప్రభుత్వ జిల్లా కేంద్రం) ఉన్న జిల్లాల్లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడి కోసమే చేయాలని లేదు, ఆ తల్లి తన టెన్షన్ గురించి కూడా చెప్పుకోవచ్చు.