పసిబిడ్డకు లేసు వద్దు, గట్టి అల్లిక చాలు

ఊలు టోపీలు, బేబీ బ్లాంకెట్లు అల్లి ఆసుపత్రులకు ఇవ్వడం అమెరికాలో మన తెలుగు సంఘాల సేవా కార్యక్రమాల్లో మామూలైపోయింది. తెలిసినవాళ్లింట్లో పురుడంటే చాలు, అమ్మమ్మ ఇండియా నుంచి దిగేలోపే స్నేహితురాళ్లు క్రోషే హుక్ (కొక్కెం ఉన్న అల్లిక సూది) చేతబట్టి కూర్చుంటారు. ఉత్సాహానికి కొదవ లేదు, పనితనానికీ లేదు. అయినా అలా అల్లినవాటిలో చాలా వాటికి వాడకం ఉండదు. ఫోటోలో ముచ్చటగా కనిపించిన డిజైన్ ఎంచుకుంటాం. దాన్ని వారానికి మూడుసార్లు ఉతకాల్సిన తల్లి సంగతీ, అందులో వేలు దూర్చే బిడ్డ సంగతీ తర్వాతెప్పుడో గుర్తుకొస్తాయి.

మనవాళ్లలో క్రోషే తెలిసిన చాలామందికి ఆ చేయి లేసు మీద తిరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లడం తరాలుగా ఆడవాళ్ల ఇంటిపని, బతుకుతెరువు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సన్నని నూలు దారం, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ఉక్కు హుక్, బిగువైన చెయ్యి: ఆ పనికి ఇవే ప్రాణం. బల్లగుడ్డకు అందమిచ్చేవి చిల్లులే. పసిబిడ్డ దుప్పటికి వచ్చేసరికి ఇవన్నీ తలకిందులవుతాయి. మందపు దారాన్ని బిగించి లాగితే బ్లాంకెట్ అట్టముక్కలా బిరుసెక్కుతుంది. పైనాపిల్, విసనకర్ర డిజైన్లలోని చిల్లుల్లో బిడ్డ వేళ్లు ఇరుక్కుంటాయి.

ఇది ఉత్తినే భయపెట్టే మాట కాదు. వదులు దారమో, తల్లి తలవెంట్రుకో పసిబిడ్డ కాలి వేలికి, చేతి వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేసే ప్రమాదాన్ని పిల్లల డాక్టర్లు హెయిర్ టూర్నికే అంటారు. బిడ్డ ఎందుకేడుస్తోందో అర్థం కాదు, సాక్సు విప్పి చూస్తేగాని తెలియదు. అందుకే మా సలహా: చేతి తొడుగులు అల్లనే వద్దు. బూటీలు (పసిపిల్లల అల్లిక మేజోళ్లు) అల్లితే లోపలివైపు తిప్పి చూడండి. రంగు మార్చినప్పుడు దారం లోపల అడ్డంగా పరుగెత్తి ఉంటే అది ఇవ్వదగ్గది కాదు. బ్లాంకెట్‌లో మీ చిటికెన వేలు కొస దూరే చిల్లు ఉంటే దాన్ని పెద్దవాళ్ల సోఫా మీద వేసుకోండి.

రెండో మాట చాలామందికి మింగుడుపడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల ప్రకారం ఏడాదిలోపు బిడ్డ పడుకునే చోట విడి దుప్పటి ఉండకూడదు. పుట్టిన తొలి గంటల్లోనూ, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లోనూ తప్ప ఇంట్లో టోపీ కూడా వద్దు. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. ఒంట్లో వేడి ఎక్కువైనప్పుడు బయటకు పోయే దారుల్లో అదొకటి. హీటర్ నడిచే గదిలో దానికి ఊలు టోపీ బిగిస్తే వేడి మరీ ఎక్కువవుతుంది, నిద్రలో జరిగే ఆకస్మిక మరణాల ముప్పును అది పెంచుతుందని డాక్టర్లు చెబుతారు. చెవులకు గాలి తగులుతుందన్న నాయనమ్మ బెంగ మన ఊళ్లో డాబా మీద పడుకునే రోజులది. ఇక్కడి గదుల్లో ఆ గాలి లేదు. మరి అల్లిన బ్లాంకెట్ దేనికంటే స్ట్రోలర్‌లో మోకాళ్ల మీదికి, ఒళ్లో పాలు పట్టేటప్పుడు, మేలుకుని ఉన్న బిడ్డను నేల మీద బోర్లా ఆడించేటప్పుడు. కార్ సీట్లో అయితే ముందు బెల్టు బిగించి, ఆ పైన కప్పాలి. బెల్టుకీ బిడ్డకీ మధ్య మందపు గుడ్డ ఉంటే బెల్టు వదులవుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి బహుమతితో పాటు ఇస్తే ఎవరూ నొచ్చుకోరు.

అందుకే దుప్పటి పెద్దదిగా ఉండనక్కర్లేదు. 75 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. పొడవు సరిపోతుంది. అంతకు మించితే స్ట్రోలర్ చక్రాల్లో పడుతుంది, పైగా అల్లేవాళ్లు సగంలో విసిగి వదిలేస్తారు.

ఇక దారం. వర్స్‌టెడ్ అనే నాలుగో నంబర్ మందం, యాక్రిలిక్, మెషిన్‌లో ఉతికి డ్రయర్‌లో వేయవచ్చని లేబుల్ మీద గుర్తు ఉన్నది తీసుకోండి. యాక్రిలిక్ చౌకబారుదని ముఖం చిట్లించేవాళ్లున్నారు. గొర్రె ఉన్ని మేలైనదే, కాదనం. వేడి నీళ్లలో పడి మెషిన్‌లో తిరిగితే మాత్రం దాని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని దుప్పటి సగానికి ముడుచుకుపోతుంది. బాలింతకు చేత్తో ఉతికే ఓపిక ఎక్కడిది? నూలు వేసవికి బాగుంటుంది కానీ బరువెక్కువ, తడిస్తే సాగుతుంది, ఆరడానికి గంటలు పడుతుంది. మోహెయిర్ లాంటి నూగు దారాలు, మఖమల్ లాంటి వెల్వెట్ దారాలు బిడ్డల దగ్గరకే రానివ్వకండి. నూగు ఊడి నోట్లోకి, ముక్కులోకి పోతుంది. వెల్వెట్ దారం ఉతికాక కుట్లలోంచి ఉచ్చుల్లా బయటికి జారుతుంది. యాక్రిలిక్‌కూ ఒక జబ్బు ఉంది: ఇస్త్రీ పెట్టె తగిలితే చచ్చుబడి వేలాడిపోతుంది, మళ్లీ కోలుకోదు.

వర్స్‌టెడ్‌కు 5 లేదా 5.5 మి.మీ. హుక్. లేసు అల్లిన చెయ్యి బిగువుగా ఉంటుంది కాబట్టి 5.5తో మొదలుపెట్టడం మంచిది. మొదట 15 సెం.మీ. చదరం ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కించాలి. దీన్ని అందరూ ఎగ్గొడతారు. 14 కుట్లు పడితే 75 సెం.మీ.కు 105 కుట్లు వేయాలి. మీ చేతికి 13 మాత్రమే పడుతుంటే అవే 105 కుట్లు దాదాపు 81 సెం.మీ. అవుతాయి. ఒక్క కుట్టు తేడాకు దుప్పటి ఆరు సెంటీమీటర్లు పెరిగి, చివర్లో దారం చాలక మళ్లీ అంగడికి పరుగు. అప్పటికి ఆ రంగు లాట్ (ఒకేసారి రంగు వేసిన దారం) అయిపోయి ఉంటుంది. లేబుల్ మీద లాట్ నంబరు వేరైతే, చూడ్డానికి ఒకే తెలుపైనా, దుప్పటి మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఈ సైజుకు 400 నుంచి 450 గ్రాములు పడుతుంది. 100 గ్రాముల ఉండలు ఐదు ఒకే లాట్‌లో ముందే కొనండి.

కుట్టు హాఫ్ డబుల్ చాలు, అంటే పొట్టిదైన సింగిల్‌కూ పొడుగైన డబుల్‌కూ మధ్య ఎత్తుది. సింగిల్ మరీ బిరుసు, డబుల్‌లో సందులెక్కువ. ఇక్కడొక తిరకాసు: అమెరికన్ పుస్తకం హాఫ్ డబుల్ అన్నదాన్ని బ్రిటిష్ పుస్తకం హాఫ్ ట్రెబుల్ అంటుంది. అమెరికన్ సింగిల్ బ్రిటన్‌లో డబుల్. లండన్ అక్క పంపిన ప్యాటర్న్ డాలస్ చెల్లెలు అల్లితే కొలత కుదరకపోవడానికి కారణం ఇదే. ప్యాటర్న్‌లో సింగిల్ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికన్ లెక్క, బ్రిటిష్ లెక్కలో సింగిల్ లేదు.

107 చెయిన్లు (గొలుసు కుట్లు) వేసి, హుక్ నుంచి మూడో చెయిన్‌లో మొదటి కుట్టు వేస్తే 105 వస్తాయి. చెయిన్ బిగిస్తే అడుగు అంచు లోపలికి ముడుచుకుంటుంది. దానికొక్కదానికీ 6 మి.మీ. హుక్ వాడి, తర్వాత పాతదానికి మారండి. వరుస తిరిగేటప్పుడు రెండు చెయిన్లు వేస్తాం కదా, వాటిని కుట్టుగా లెక్కిస్తారా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. పైన చెప్పిన లెక్కలో అవి కుట్టు కావు, తిరిగొచ్చేటప్పుడు వాటి నెత్తిన కుట్టు వేయకూడదు. ఒక వరుసలో వేసి ఒక వరుసలో మానేస్తే అంచు పాములా వంకర్లు పోతుంది. చివరి కుట్టు ప్రతిసారీ మరిచిపోతే దుప్పటి కాస్తా త్రికోణమవుతుంది. మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ రంగు దారం ముక్క గుర్తుగా పెట్టండి. ప్రతి ఐదు వరుసలకు ఒకసారి లెక్కపెడితే నలభై వరుసలు విప్పే దుస్థితి రాదు.

అంచు కట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా పొరపడతారు. 10 సెం.మీ.కు 10 వరుసలు పడ్డ అల్లికలో 90 సెం.మీ. పక్కకు 90 వరుసలుంటాయి. అంచు సింగిల్ కుట్లు మాత్రం ఆ పొడవుకు 126 కావాలి, అంటే ఐదు వరుసలకు ఏడు. వరుసకొకటి వేస్తే పక్కలు ముడుచుకుంటాయి, రెండేసి వేస్తే పావడా కుచ్చుల్లా ఎగిరిపడతాయి. మూలల్లో ఒకే చోట మూడు కుట్లు. దారం కొసలు కనీసం 15 సెం.మీ. వదిలి, ఊలు సూదితో ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్లీ ఇటు దూర్చి అప్పుడు కత్తిరించాలి. ముడి వేసి కోసేస్తే రెండో ఉతుకులోనే ఊడుతుంది.

ఇంత చెప్పాక అసలు అభిప్రాయం: సంఘం తరఫున ఇచ్చేవాటికి దుప్పటి కన్నా టోపీ నయం. ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన తొలి గంటల్లో దానికి నిజమైన పని ఉంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా ఒక్క సాయంత్రంలో ముగించగలరు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెం.మీ., టోపీ 32 ఉంటే సాగి పట్టుకుంటుంది. టోపీ చుట్టుకొలతను 3.14తో భాగిస్తే నడినెత్తిన గుండ్రంగా అల్లే పళ్లెం వ్యాసం వస్తుంది, ఇక్కడ దాదాపు 10 సెం.మీ. అదే దారం, అదే హాఫ్ డబుల్‌లో మొదటి చుట్టు 9 కుట్లు, తర్వాత 18, 27, 36, 45. అక్కడితో పెంచడం ఆపి, నడినెత్తి నుంచి అంచుకు 14 సెం.మీ. వచ్చేదాకా 45 మీదే తిరగండి. పళ్లెం గిన్నెలా లోతు పడుతుంటే పెంచింది చాలలేదు, అంచు అలలు తిరుగుతుంటే ఎక్కువైంది. పెంచే కుట్లు ప్రతి చుట్టులోనూ ఒకదానిపై ఒకటి పడితే మూలలు తేలతాయి, చోటు కాస్త జరుపుతూ పోండి. నెలలు నిండని బిడ్డలకు ఇంకా చిన్నవి కావాలి: 28 వారాల బిడ్డ తల సుమారు 26 సెం.మీ.

బొత్తాలు, పూసలు, రిబ్బన్లు, గడ్డం కింద కట్టుకునే తాళ్లు వద్దు. టోపీ మీద ఊలు బంతి కూడా వద్దు. బిడ్డ పక్కకు తల తిప్పితే ఒత్తుకుంటుంది, ఊడితే నోట్లోకి పోతుంది. బొమ్మలకు కళ్లు దారంతో కుట్టాలి, ప్లాస్టిక్‌వి మూడేళ్లు దాటాకే.

ఇంట్లో మిగిలిన దారం పట్టుకు రమ్మని సంఘాలు పిలుపివ్వడం మానుకోవాలి. లేబుల్ ఊడిన ఉండ ఏ పోగుదో ఎవరికీ తెలియదు. తేల్చుకోవాలంటే చిన్న ముక్క కాల్చి చూడాలి: యాక్రిలిక్ కరిగి గట్టి పూస అవుతుంది, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, నూలు కాగితంలా మండి బూడిదవుతుంది. అన్నన్ని ఉండలకు ఎవరు కాలుస్తూ కూర్చుంటారు? సంఘమే ఒకే రకం దారం ఒకేసారి కొని పంచితే చౌక కూడా. టోపీకి 30 గ్రాములు, 100 గ్రాముల ఉండకు మూడు టోపీలు. ఇరవై మంది తలా ఒక ఉండ పట్టుకెళ్తే అరవై టోపీలొస్తాయి.

అంగట్లో ఐదు డాలర్లకు దొరికేదానికి ఇంత శ్రమ ఎందుకనేవాళ్లకు ఒక్క మాట. క్రోషేను చేతి పనికి దీటుగా అల్లే యంత్రం ఇంకా రాలేదు. ఆ ఐదు డాలర్లది క్రోషేదైతే అది కూడా ఎక్కడో ఎవరో ఆడమనిషి చేత్తో అల్లిందే, ఆమెకు ఎంత ముట్టిందో నరసాపురం వాళ్లను అడిగితే చెబుతారు.

అల్లే ముందు ఆసుపత్రి వాలంటీర్ విభాగానికి ఫోన్ చేసి ఏ సైజులు, ఏ పోగు, ఎన్ని అని కనుక్కోండి. కొన్నిచోట్ల చేత్తో అల్లినవి తీసుకోనే తీసుకోరు. తీసుకునేచోట సువాసన లేని సబ్బుతో ఉతికి, జిప్ సంచిలో మూసి ఇమ్మంటారు. ఊలు దారం వాసనను ఇట్టే పట్టేస్తుంది. దేవుడి గదిలో అగరొత్తుల పక్కనో, పోపు వేసే వంటింటి సోఫాలోనో అల్లుతుంటే, పని ఆపిన ప్రతిసారీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఉతికి ఆరాక డ్రయర్‌లోంచి తీసిన వెంటనే సంచిలో వేసి, సైజు, పోగు, ఉతికే పద్ధతి రాసిన చీటీ బయటివైపు అంటించండి. లోపల గుండుసూదితో గుచ్చకండి.