పాత ఎఫ్-150కి ‘ఏ ఫైవ్‌స్పీడ్ అయినా బిగుస్తుంది’ అన్న మాటకు ఖండన

అమెరికాలో పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొనుక్కుని, సెలవు రోజుల్లో దానితో కుస్తీ పట్టే మనవాళ్లు కొందరున్నారు. వారిలో నేనూ ఒకడిని. మా మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. 1988 నుంచి 1996 వరకు వచ్చిన ఏ ఎఫ్-150 ఫైవ్‌స్పీడ్ (ఐదు గేర్ల) గేర్‌బాక్స్ అయినా మరో ఎఫ్-150కి నేరుగా బిగుస్తుందని, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనుక తిరిగే బరువైన చక్రం) కూడా దానితోపాటే తెచ్చుకోవచ్చని, చేత్తో తిప్పితే గేర్లు పడుతున్నాయంటే పెట్టె బాగున్నట్టేనని, నడుస్తున్న క్లచ్ జోలికి పోనక్కర్లేదని, మామూలు గేర్ ఆయిల్ చాలునని, ఇంకా గట్టిది కావాలంటే దీనికన్నా పెద్ద పికప్ అయిన ఎఫ్-250లోని జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్ తెచ్చి పెట్టుకోవచ్చని, ఇదంతా ఒక్క శనివారం పనేనని దాని సారాంశం. ఇందులో కొన్ని మాటల వెనుక కొంత నిజం ఉంది. డబ్బు పోగొట్టుకునేవారు ఆ కొంత నిజాన్ని నమ్ముకునే పోగొట్టుకుంటున్నారు.

మొదటి మాటనే తీసుకుందాం. ఆ ఏళ్ల ఎఫ్-150లో సాధారణంగా కనిపించే ఫైవ్‌స్పీడ్, మాజ్డా తయారుచేసి ఫోర్డ్‌కు ఇచ్చిన ఎం5ఓడీ-ఆర్2. వరుసగా ఆరు సిలిండర్లుండే 4.9 లీటర్ల ఇంజిన్‌కూ, 5.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కూ వెనుక ముఖం మీది బోల్టు రంధ్రాల అమరిక ఒకటే కనుక, ఒకదాని వెనుక నుంచి తీసిన గేర్‌బాక్స్ రెండోదానికి బిగుస్తుందన్నది నిజమే. అయితే దీని బెల్ హౌసింగ్, అంటే ఇంజిన్‌కు బిగుసుకునే గంట ఆకారపు ముందు భాగం, విడిది కాదు, గేర్‌బాక్స్ అల్యూమినియం ఒంటితో కలిపి పోత పోసినది. అందువల్ల 1997 నమూనా నుంచి వచ్చిన 4.6 లీటర్ల వీ8 వెనుక ఉన్న ఎం5ఓడీ, పేరు అదే అయినా, పాత ఇంజిన్‌కు ఎక్కదు. ఫోర్డ్ చిన్న పికప్ రేంజర్‌లో వచ్చే ఎం5ఓడీ-ఆర్1 అయితే పూర్తిగా వేరే పెట్టె, చిన్నది. పాత సామాన్లు అమ్మేవాడు రెండింటినీ ‘ఎం5ఓడీ’ అనే అమ్మవచ్చు.

అంతకంటే ఎక్కువమంది మోసపోయేది టూవీల్ (వెనుక చక్రాలకే శక్తి అందే), ఫోర్‌వీల్ (నాలుగింటికీ అందే) బండ్ల తేడా దగ్గర. టూవీల్ బండి గేర్‌బాక్స్‌కు వెనుక పొడవైన తోక ఉండి, వెనుక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ అందులోకి జారుతుంది. ఫోర్‌వీల్ బండిలో ఆ చోట పొట్టి షాఫ్ట్ ఉండి, నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి (శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టెలోకి) వెళుతుంది. తోక ఒక్కటి మార్చుకుంటే పోతుంది కదా అని సందేశం రాసినవారు అనవచ్చు. మారవలసింది లోపలి అవుట్‌పుట్ షాఫ్ట్; దాన్ని మార్చాలంటే పెట్టెనంతా విప్పాలి. అంత పని చేయగలవారికి ఆ సందేశంతో అవసరమే ఉండదు.

ఫ్లైవీల్ విషయంలో ఈ సలహా ప్రమాదకరం. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ తనలో తానే తూకం సరిపెట్టుకునేది కనుక దాని ఫ్లైవీల్ మీద అదనపు బరువేమీ ఉండదు. ఆ కాలపు 5.0 వీ8 తన తూకంలో కొంత భాగాన్ని ఫ్లైవీల్ మీదే మోపుతుంది. ఆ బరువు 50 ఔన్సు-అంగుళాలు (బరువును, నడిమి నుంచి దాని దూరంతో గుణించిన లెక్క). అదే కుటుంబానికి చెందిన 5.8 లీటర్ల వీ8కి అది సుమారు 28 మాత్రమే. బోల్టు రంధ్రాలు కలుస్తాయి, క్లచ్ కూర్చుంటుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. అందుకే బిగించేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు. వేగం పెరిగేకొద్దీ వణుకు మొదలవుతుంది, ఆ వణుకును గేర్‌బాక్స్ దోషమనుకుని తెచ్చిన పెట్టెనే మళ్లీ దించేవాళ్లుంటారు. గేర్‌బాక్స్ మరో బండిది కావచ్చు గాని, ఫ్లైవీల్ మాత్రం మీ ఇంజిన్‌కు చెందినదే అయి ఉండాలి.

చేత్తో తిప్పి చూసి కొనే పద్ధతి ఈ పెట్టె విషయంలో అసలు పనికిరాదు. ఎం5ఓడీకి అందరికీ తెలిసిన రోగం ఒకటుంది. పైమూత వెనుక అంచున, గేర్ మార్చే కడ్డీల రంధ్రాలను మూస్తూ మూడు రబ్బరు బిరడాలు ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి రబ్బరు ఎండి వదులై, బండి నడుస్తున్నప్పుడు లోపల ఎగిరిపడే నూనె వాటి పక్క నుంచి బయటికి పోతుంది. అవి పైన ఉండడం వల్ల నిలబెట్టిన బండి కింద పెద్ద మరక కనబడకపోవచ్చు. యజమానికి తెలిసేలోపు బేరింగులు ఎండిపోయి ఉంటాయి. అలాంటి పెట్టెలో కూడా, బల్ల మీద పెట్టి తిప్పితే అన్ని గేర్లూ చక్కగా పడతాయి. కొనే ముందు ఉన్న నూనెను తెల్ల గుడ్డ మీదికి తీసి, మెరిసే రజను ఉందేమో చూడాలి. ముందు ఇంజిన్ వైపు పొడుచుకుని ఉండే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను పట్టుకుని పక్కలకు కదిపి చూడాలి. ముందే నూనె తీసేసి అమ్ముతుంటే ధర తగ్గించమని అడగడం కన్నా వదిలేయడం మేలు. బాగుందని తేలిన పెట్టెకైనా పైకెక్కించక ముందే ఆ మూడు బిరడాలనూ తీసి లోహపు మూతలు కొట్టాలి. ఎక్కించాక అక్కడికి చెయ్యి చేరదు.

క్లచ్ జోలికి పోవద్దన్నది చవకబారు పొదుపు. ఈ బండిలో క్లచ్‌ను నడిపే స్లేవ్ సిలిండర్ బయట ఉండదు, బెల్ హౌసింగ్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. రేపు అది కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించవలసిందే. కాబట్టి పెట్టె కింద ఉన్నప్పుడే స్లేవ్, క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను మోసే పైలట్ బేరింగ్ కొత్తవి వేయాలి. క్లచ్ ప్లేటు మందం చూసి నిర్ణయించుకోవచ్చు గాని, నేనైతే అదీ మారుస్తాను.

నూనె సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. ఈ గేర్‌బాక్స్‌కు ఫోర్డ్ చెప్పింది మెర్కాన్ ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ బండ్లలో పోసే పల్చటి నూనె. చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చలిలో గేర్లు మొరాయిస్తాయి.

జెడ్‌ఎఫ్ ఎస్5-42 నిజంగానే గట్టిది. దాని బెల్ హౌసింగ్ కూడా ఒంటితో కలిసిన పోతే కనుక, డీజిల్ ఎఫ్-250 నుంచి తెచ్చినది మీ 4.9కి బిగియదు, చిన్న పెట్రోల్ ఇంజిన్లకు వచ్చినదే వెతుక్కోవాలి. అది దొరికినా గేర్‌బాక్స్‌ను కింద మోసే క్రాస్‌మెంబర్‌నూ, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవునూ మళ్లీ సరిచూసుకోవాలి. దాని మొదటి గేర్ నిష్పత్తి 5.72, ఎం5ఓడీ-ఆర్2ది 3.90; మొదటి గేర్ అంత నెమ్మది కనుక ఖాళీ బండిని రెండో గేర్‌లోనే కదిలించే అలవాటు చేసుకోవలసి వస్తుంది. బరువైన ట్రైలర్ లాగేవారికి తప్ప ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక శనివారం సంగతి. తుప్పు పట్టని బండి, సరైన ట్రాన్స్‌మిషన్ జాక్, సాయానికి మరొక మనిషి ఉంటే టూవీల్ బండికి అది అసాధ్యమేమీ కాదు. ఉత్తరాది మంచు రాష్ట్రాల బండికైతే సైలెన్సర్ గొట్టం బోల్టులతోనే ఒక పూట గడిచిపోతుంది. తొందరపడేవారు చేసే తప్పు చివర్లో ఉంటుంది: ఇన్‌పుట్ షాఫ్ట్ మీది పళ్లు (స్ప్లైన్లు) క్లచ్ ప్లేటులోకి పూర్తిగా దిగక ముందే, బెల్ హౌసింగ్‌కూ ఇంజిన్‌కూ మధ్య అర అంగుళం సందు మిగిలి ఉండగానే, బోల్టులు బిగించి దగ్గరికి లాగుతారు. అలా లాగితే బోల్టు దూరే అల్యూమినియం చెవి పగులుతుంది. సందు చేత్తో నెడితే మూసుకోకపోతే, క్లచ్ ప్లేటు నడుమన లేదని అర్థం. అప్పుడు పెట్టెను వెనక్కి తీసి, అలైన్‌మెంట్ కడ్డీతో ప్లేటును మళ్లీ సరిచేసుకోవాలి.